పనికి అడ్డుపడుతున్నది ఏది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మల్ని ఆదేశించారు. మేము బడిపంతుళ్లం. తరగతి గదిలో సాంఘికశాస్త్రం చెబుతూ తల నెరిసినవాళ్లం. అందుకే లెక్కల పట్టికలతో కాకుండా మా బడి పిల్లవాడి సంగతితోనే మొదలుపెడతాం.

ఏడో తరగతితో చదువు ఆపేసిన అబ్బాయి ఒకడున్నాడు. తండ్రి మంచం పట్టాడు. అబ్బాయి లారీ మీద క్లీనరుగా వెళ్లాడు. ఐదారేళ్లు తిరిగేసరికి బండి పని అంతా చేతికొచ్చింది. ఇంజను చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు. కానీ డ్రైవరు కాలేకపోయాడు. క్లీనరు బత్తెంతో తల్లి, తండ్రి, ఇద్దరు చెల్లెళ్లు గడవాలి. ఆ పని కూడా నెలలో సగం రోజులే. రంజాన్ వచ్చినప్పుడల్లా ఆ ఇంటికి బియ్యం, నూనె, సేమియా ఉన్న సంచి చేరవేసింది మేమే. అలా వరుసగా మూడేళ్లు చేరవేశాం. ప్రతిసారీ మంచి పని చేశామనే తృప్తితో తిరిగొచ్చాం.

అదే వీధి చివర లారీల యజమాని ఒకాయన, డ్రైవర్లు దొరకడం లేదని రెండు బండ్లు షెడ్డులో నిలబెట్టుకున్నాడు. పని కావలసిన మనిషి వీధికి ఈ కొసన ఉన్నాడు, మనిషి కావలసిన పని ఆ కొసన ఉంది. నడుమ నూరు గజాలు. ఆ రెండూ ఎందుకు కలవలేదు? ఆ ప్రశ్న మూడేళ్లపాటు మాకు తట్టలేదు. సంచి మోయడమే మా పని అనుకున్నాం. ఆ పొరపాటు ఒప్పుకోవడానికే ఈరోజు ఈ ప్రసంగం.

రెండు జవాబులు

మనుషులకు పని ఎందుకు దొరకదు అనే ప్రశ్నకు ఆర్థికశాస్త్రంలో రెండు పెద్ద జవాబులున్నాయి.

మొదటిది మనందరికీ తెలిసినదే. కొనేవాడు లేడు గనుక పని లేదు. సరుకు అమ్ముడుపోకపోతే యజమాని పనివాళ్లను తీసేస్తాడు. పని పోయినవాడు కొనడం మానేస్తాడు. దాంతో ఇంకో దుకాణం మూతపడుతుంది. ఇంగ్లండుకు చెందిన కీన్స్ 1936లో ఈ సంగతినే సిద్ధాంతంగా నిలబెట్టాడు. జనం చేతిలో డబ్బు పడితే చక్రం మళ్లీ తిరుగుతుందన్నాడు. దీన్ని గిరాకీ వైపు నుంచి చూడటం అంటారు.

రెండో జవాబు సరఫరా వైపు నుంచి వస్తుంది. కొనేవాడున్నా, చేసేవాడున్నా, ఆ ఇద్దరి నడుమ ఏదో అడ్డం పడింది గనుక పని లేదంటుంది. దీని మూలం ఫ్రాన్సుకు చెందిన జె.బి. సే 1803లో రాసిన గ్రంథంలో ఉంది. ఈయన కొంతకాలం నూలు మిల్లు కూడా నడిపినవాడు. ఆయన వాదన సులభమైనది. రైతు బట్ట ఎలా కొంటాడు? పండించిన ధాన్యంతో. నేతగాడు ధాన్యం ఎలా కొంటాడు? నేసిన బట్టతో. నడుమ డబ్బు చేతులు మారుతుందంతే. కాబట్టి కొనే శక్తి పుట్టేది తయారుచేసే శక్తి నుంచే. చేసే చేతిని కట్టేస్తే కొనే చెయ్యి కూడా దానంతటదే ఎండిపోతుంది.

మేస్త్రీ, ఇంటాయన

ఈ వాదన పిల్లలకు చెప్పేటప్పుడు మేము ఒక మేస్త్రీ లెక్క వేయిస్తాం. ఒకాయన ఇంట్లో గోడ పగిలింది. బాగుచేయించడానికి వెయ్యి రూపాయల దాకా ఇవ్వడానికి ఆయన సిద్ధం. మేస్త్రీ ఎనిమిది వందలకు తక్కువైతే రాడు. ఇద్దరికీ నడుమ రెండు వందల వెసులుబాటు ఉంది కాబట్టి బేరం కుదురుతుంది. గోడ లేస్తుంది, మేస్త్రీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఇప్పుడు నడుమ మూడు వందలు ఇంకెవరికో పోవాలనుకోండి. అది పన్ను కావచ్చు, అనుమతి ఖర్చు కావచ్చు, దళారీ కమీషను కావచ్చు, చేతులు తడపడం కావచ్చు. అప్పుడు ఇంటాయన వెయ్యి ఇచ్చినా మేస్త్రీ చేతికి ఏడు వందలే వస్తాయి. అతను రాడు. గోడ పగిలే ఉంటుంది, మేస్త్రీ ఖాళీగా కూర్చుంటాడు. మూడు వందలు తీసుకోవాలనుకున్నవాడికి కూడా ఏమీ దక్కదు. బయటినుంచి చూసేవాడు ‘పనిలేదు’ అంటాడు. పని ఉంది, చేసేవాడూ ఉన్నాడు. నడుమ కోత పెద్దదైంది, అంతే. సరఫరా పక్షంవారు దీన్ని ‘వెడ్జ్’ అన్నారు. కట్టె చీల్చడానికి నడుమ దిగగొట్టే ఇనప చీల లాంటిదని అర్థం. నిరుద్యోగానికి వారు చెప్పే మూలకారణం ఇదే.

ఇక మాంద్యం సంగతి. ఒక్క మేస్త్రీ ఆగితే అది అతని కష్టం. కానీ దేశమంతటా ఒకేసారి ఆ చీల లోపలికి దిగితే లక్షల బేరాలు తెగిపోతాయి. పని చేసినా మిగలదని పనివాడు వెనక్కి తగ్గుతాడు. పెట్టుబడి పెట్టినా మిగలదని యజమాని యంత్రం కొనడు. ఉత్పత్తి తగ్గుతుంది, ఆదాయం తగ్గుతుంది, ఆ తర్వాత కొనుగోళ్లు తగ్గుతాయి. గిరాకీ పడిపోవడం కనిపిస్తుంది గానీ అది రోగం కాదు, రోగలక్షణం మాత్రమే అని వారి వాదం.

ఈ వాదానికి బలం ఎక్కడ వచ్చింది?

1973 అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. అరబ్ దేశాలు చమురు సరఫరా తగ్గించాయి. బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్న ధర కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి చేరింది. అమెరికాలో 1974లో ధరలు 11 శాతం పెరిగాయి. 1975 మే నాటికి నిరుద్యోగం 9 శాతానికి చేరింది. ధరలు పెరిగితే నిరుద్యోగం తగ్గుతుందని అంతకుముందు పాఠాలు చెప్పినవారు తెల్లబోయారు. రెండూ కలిసి పెరిగాయి మరి. జనం చేతిలో డబ్బు పెట్టే పాత మందు పనిచేయలేదు. ఊళ్లో పది నోటుపుస్తకాలే ఉండి ఇరవైమంది పిల్లలున్నప్పుడు, ప్రతి పిల్లవాడికీ ఇంకో పది రూపాయలిస్తే పుస్తకాలు పెరగవు, వాటి ధర పెరుగుతుంది. అక్కడా అదే జరిగింది.

ఆ రోజుల్లోనే రాబర్ట్ ముండెల్, ఆర్థర్ లాఫర్, పత్రికా రచయిత జూడ్ వానిస్కీ అనేవారు సరఫరా వాదాన్ని కొత్తగా ముందుకు తెచ్చారు. 1974లో వాషింగ్టన్ హోటల్లో భోజనాల బల్ల దగ్గర లాఫర్ చేతిరుమాలు మీద ఒక గీత గీసి చూపించాడని వానిస్కీ రాశాడు. పన్ను రేటు సున్నా అయితే ప్రభుత్వానికి ఆదాయం సున్నా. రేటు నూరు శాతమైతే ఎవడూ పని చేయడు కాబట్టి అప్పుడూ సున్నాయే. నడుమ ఎక్కడో ఒక శిఖరం ఉంది. అది దాటాక రేటు పెంచినకొద్దీ రాబడి తగ్గుతుంది.

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోకండి. 1973-74లో మన దేశంలో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. ఆ మెట్టు మీద ఉన్నవాడు అదనంగా వంద రూపాయలు సంపాదిస్తే ఇంటికి తెచ్చుకునేది రెండు రూపాయల పావలా. అంత కోత పెట్టినప్పుడు మనిషి ఒకటి సంపాదన ఆపుతాడు, లేదా దాస్తాడు. మనవాళ్లు రెండోదే ఎక్కువగా చేశారని వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత దశలవారీగా తగ్గించుకుంటూ వచ్చి 1997-98 బడ్జెట్లో ఆ రేటును 30 శాతానికి దించారు.

కోత అంటే పన్ను ఒక్కటే కాదు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’ పెట్టిన రోజులు మీలో చాలామందికి గుర్తుంటాయి. చిన్న యూనిట్లు నడిపినవారు ఈ సభలోనూ ఉన్నారు. ఆర్డర్లున్నాయి, పనివాళ్లున్నారు, కరెంటు లేదు. వారానికి ఆరు రోజుల కూలి మూడు, నాలుగు రోజులకు పడిపోయిన ఇళ్ల పిల్లలు మా బడికొచ్చారు. ఆ నెలల్లో ఆ కార్మికుల చేతిలో ఎంత డబ్బు పెట్టినా లేత్ మిషను తిరిగేది కాదు. అది సరఫరా మాంద్యం.

ఇబ్న్ ఖల్దూన్ ముందే చెప్పిన మాట

1981 అక్టోబరు 1న పత్రికలవారితో మాట్లాడుతూ అమెరికా అధ్యక్షుడు రీగన్ తన పన్ను విధానానికి మద్దతుగా ఒక ముస్లిం పండితుడి పేరు చెప్పాడు. ఆయన ఇబ్న్ ఖల్దూన్. 1332లో ట్యునిస్‌లో పుట్టి 1406లో కైరోలో కన్నుమూసినవాడు. 1377లో ‘ముఖద్దిమా’ రాశాడు. రాజ్యం మొదలైనప్పుడు పన్నులు తక్కువగా ఉండి రాబడి ఎక్కువగా వస్తుంది, రాజ్యం ముగిసేనాటికి పన్నులు ఎక్కువై రాబడి తక్కువవుతుంది అని ఆయన గమనించాడు. లాభం మీద ఆశ పోయినప్పుడు జనం సేద్యం, వ్యాపారం వదిలేస్తారని కారణం కూడా చెప్పాడు. రాజ్యాలు తొలిరోజుల్లో షరీఅత్ నిర్ణయించిన పన్నులే వేస్తాయని, వాటికి హద్దు ఉంటుందని గుర్తుచేశాడు. పంట మీద ఉష్ర్ లెక్క మీకు తెలిసిందే. వానమీద పండితే పదోవంతు, నీళ్లు తోడి పండిస్తే అందులో సగం. శ్రమ పెరిగినచోట కోత తగ్గాలన్న సూత్రం అందులోనే ఉంది.

అయితే రీగన్ చెప్పని సంగతి ఒకటి అదే గ్రంథంలో ఉంది. ప్రభుత్వమే అన్నిటికంటే పెద్ద బజారు, అది ఖర్చు బిగబడితే మిగతా బజార్లన్నీ కుదేలవుతాయని కూడా ఇబ్న్ ఖల్దూన్ రాశాడు. అంటే గిరాకీ సంగతీ ఆయనకు తెలుసు. సరఫరా పక్షంవారు ఆయన పుస్తకంలో సగమే చదివి ఆయన్ని తమవాడన్నారు. మనం రెండు సగాలూ చదవాలి.

ఫలితాలు ఏమన్నాయి?

రీగన్ కాలంలో అమెరికాలో గరిష్ఠ పన్ను రేటు 70 శాతం నుంచి 50కి, 1986 చట్టంతో 28కి దిగింది. మొదట ఏమైంది? నిరుద్యోగం 1982 చివరికి 10.8 శాతానికి ఎగబాకింది. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వారి కేంద్ర బ్యాంకు వడ్డీని 20 శాతం దగ్గరికి తీసుకుపోవడం దానికి ముఖ్య కారణం. పన్ను తగ్గింపును మూడేళ్లకు పంచడం వల్ల జనం వచ్చే ఏడాది కోసం ఆగిపోయారని సరఫరా పక్షంవారు సమాధానం చెప్పుకున్నారు. 1989 నాటికి నిరుద్యోగం 5.3 శాతానికి దిగిన మాట నిజం. ఆ ఎనిమిదేళ్లలో వారి జాతీయ రుణం దాదాపు మూడింతలైన మాటా నిజమే. పన్ను తగ్గితే రాబడి దానంతటదే పూడుతుందన్న మాట అక్కడ నిలవలేదు.

బడిపంతుళ్లుగా మాకు గుచ్చుకున్నది కాన్సాస్ రాష్ట్రం సంగతి. 2012లో అక్కడ ఆదాయపు పన్నులు బాగా తగ్గించారు. చాలా రకాల వ్యాపార ఆదాయం మీద రాష్ట్ర పన్ను పూర్తిగా ఎత్తేశారు. ఖజానా చిక్కిపోయింది. 2015లో కొన్ని బడులు డబ్బు చాలక విద్యాసంవత్సరాన్ని ముందుగానే ముగించాయి. చివరికి 2017లో గవర్నరు వీటోను సైతం తోసిపుచ్చి శాసనసభ ఆ తగ్గింపులను రద్దుచేసింది. చదువు కూడా సరఫరాయే కదా! నేటి బడి రేపటి పనివాణ్ణి తయారుచేస్తుంది. పన్ను కోత తగ్గించే పేరుతో బడికి కోత పెడితే కొమ్మ మీద కూర్చుని మొదలు నరుక్కోవడమే.

1929 తర్వాతి మహామాంద్యాన్ని కూడా వానిస్కీ సుంకాలతో, పన్నులతో వివరించబోయాడు. ఎక్కువమంది ఆర్థికవేత్తలు దాన్ని ఒప్పుకోరు. బ్యాంకులు కూలి, డబ్బు ఎండిపోయి, కొనేవాడు లేక ఫ్యాక్టరీలు ఆగిపోయిన కాలం అది. అప్పుడు అమెరికాలో నలుగురిలో ఒకరికి పనిలేదు. ఆ నలుగురిలో ఒకడికి పన్ను తగ్గించి ఏం లాభం? పన్ను కట్టేంత ఆదాయమే అతనికి లేదు. మన దగ్గర 2020 లాక్‌డౌన్‌లో దుకాణమూ మూతపడింది, కొనేవాడి జేబూ ఖాళీ అయింది. రెండు రోగాలూ ఒకేసారి వచ్చాయి. ఆ నెలల్లో ఈ సంఘం పంచిన అన్నం పొట్లానికి ఏ సిద్ధాంతమూ అడ్డు చెప్పలేదు.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికి

వీధికి ఈ కొసన ఉన్న అబ్బాయికి, ఆ కొసన ఉన్న లారీకి నడుమ ఏముందో ఇప్పుడు చెబుతాం. ఒక నిబంధన ఉండేది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం 2019 దాకా రవాణా వాహనం నడిపే లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండవలసి వచ్చేది. మావాడు ఏడుతో ఆగాడు. ఒక్క తరగతి! ఆ ఒక్క తరగతి మా బడిలోనే ఆగిపోయింది. అప్పుడు అతని ఇంటికి వెళ్లి, ఈ ఒక్క ఏడాది చదివించండి అని అడగనివాళ్లమూ మేమే.

నిబంధన పెట్టినవారి ఉద్దేశం చెడ్డది కాదు. రోడ్డు మీద బోర్డు చదవగలిగినవాడే బండి నడపాలి. కానీ ఆ చీల ఎంతమంది బతుకుల్లో దిగిందో చూడండి. హర్యానాలో మేవాత్ ప్రాంతం ఉంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న వెనుకబడిన ప్రాంతం. అక్కడ చాలామందికి డ్రైవింగే జీవనాధారం. చేతిలో పని ఉంది, చదువు కాగితం లేదు. ఆ రాష్ట్ర ప్రభుత్వం ఈ షరతు సడలించమని కేంద్రాన్ని కోరింది. దేశంలో రవాణా రంగానికి దాదాపు 22 లక్షలమంది డ్రైవర్లు తక్కువగా ఉన్నారని చెబుతూ 2019 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ ఆ షరతు తీసేయాలని నిర్ణయించింది. అదే సమయంలో శిక్షణ, నైపుణ్య పరీక్ష గట్టిగా ఉండాలని చెప్పింది. ప్రజల భద్రతకు కావలసిన పరీక్షను ఉంచి, పనికిరాని అడ్డును తీసేయడం అంటే ఇదే. సరఫరా వాదంలో మేము మనస్ఫూర్తిగా ఒప్పుకునే భాగం కూడా ఇదే.

చట్టంలో అడ్డు తొలిగింది. అయినా మావాడు అలాగే కూర్చున్నాడు. ఎందుకంటే షరతు పోయిందని అతనికి చెప్పినవాడు లేడు. తెలిశాక డ్రైవింగ్ స్కూలు ఫీజుకు డబ్బు లేదు. ముందు లైట్ లైసెన్సు, దాని మీద ఏడాది గడిచాక హెవీకి దరఖాస్తు. ఆ ఏడాది ఇల్లు గడవాలి. ఇప్పుడు లెక్క వేసి చూస్తే, అతనికి కావలసిన మొత్తం మేము మూడేళ్లలో మోసిన సంచుల ఖరీదుకు అటూ ఇటూగా ఉంది. ఇద్దరు దాతలు ముందుకొచ్చారు. ఒకరు ఫీజు కట్టారు. ఇంకొకరు ఆ ఏడాదంతా రేషన్ సంచి ఆపకుండా ఇచ్చారు. ఈరోజు అతను బండి మీద ఉన్నాడు. పోయిన రంజాన్‌కు సంచి తీసుకెళితే వాళ్లమ్మ తలుపు దగ్గరే ఆపి, “సార్, ఇది పక్కింటికి ఇవ్వండి” అంది.

ఆ ఇద్దరు దాతల్లో ఎవరు గొప్ప అని మేము అడగం. సంచి లేకపోతే ఆ ఏడాది గడిచేది కాదు. ఫీజు లేకపోతే ఆ సంచి ఏనాటికీ ఆగేది కాదు.

దాతలకు మా మనవి

కాబట్టి ఒక్కటే కోరిక. సహాయం కోసం వచ్చే ప్రతి కుటుంబం వివరాలు మన వలంటీర్లు రాసుకుంటారు. ఎంతమంది ఉన్నారు, ఆదాయమెంత, అద్దె ఎంత అని అడుగుతారు. అందులో ఇంకో గడి చేర్చండి. ‘పనికి అడ్డుపడుతున్నది ఏది?’

జవాబులు రకరకాలుగా వస్తాయి. కుట్టుపని తెలిసినా మిషను తాకట్టులో ఉండవచ్చు. ఐటీఐ పాసైనా పక్క ఊరికి వెళ్లడానికి బస్ పాసు లేకపోవచ్చు. తోపుడుబండి సరుకు కోసం రోజువారీ అప్పు తెచ్చి, పొద్దున తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రం వెయ్యి కడుతూ ఉండవచ్చు. ఆ వంద రూపాయలే అతని నడుమ కోత. ఏ ప్రభుత్వమూ వేయని పన్ను అది. పసిబిడ్డను చూసేవారు లేక తల్లి పనికి పోలేకపోవచ్చు. కొన్నిచోట్ల అడ్డేమీ ఉండదు, నిజంగానే కొనేవాడు ఉండడు. అక్కడ సంచే మందు, దాన్ని సంకోచం లేకుండా ఇవ్వాలి. వృద్ధులకు, రోగులకు ఈ ప్రశ్నే వేయనక్కర్లేదు.

‘పని చేయడానికి బద్ధకం’ అనే జవాబును మాత్రం ఆ గడిలో తొందరపడి రాయకండి. మేము మూడేళ్లు ఆ అబ్బాయి గురించి మనసులో అదే రాసుకున్నాం. అతనికి లేనిది ఒక కాగితమని తర్వాత తెలిసింది.

 అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. వస్సలాం.